దాడి వివరాలను దాచకండి: జాతీయ సైబర్ భద్రతా సంస్థల అధిపతులకు బహిరంగ లేఖ

మాన్యులకు నమస్కారం.

విద్యుత్ గ్రిడ్, ఆసుపత్రులు, బ్యాంకులు, పన్నుల వసూలు, పౌరుల గుర్తింపు కార్డులు, రైళ్లు, టెలిఫోన్లు, ఇవన్నీ ఇవాళ ఏ దేశంలోనైనా కంప్యూటర్ల మీదే నడుస్తున్నాయి. వాటిని శత్రు దేశాల గూఢచారుల నుంచి, డబ్బు కోసం దాడి చేసే ముఠాల నుంచి కాపాడే బాధ్యతను ఆయా దేశాలు మీ చేతుల్లో పెట్టాయి. ఆ పని ఎంత కష్టమో బయటివారికి తెలియకపోవచ్చు గాని, ప్రభుత్వ సర్వర్ల నిర్వహణలో ఉన్న నాబోటివారికి బాగానే తెలుసు. మీరు పంపే హెచ్చరికలు చదివి, అర్ధరాత్రి దాకా కూర్చుని ప్యాచ్‌లు (లోపాలను సరిచేసే సాఫ్ట్‌వేర్ మార్పులు) వేసేది మేమే. అందువల్ల ఈ లేఖ మీ పనిని తక్కువ చేయడానికి రాస్తున్నది కాదు. నేను అడగదలచుకున్నది ఒక్కటే. ప్రభుత్వ వ్యవస్థ మీదగాని, ప్రజలందరూ ఆధారపడే వ్యవస్థ మీదగాని పెద్ద దాడి జరిగినప్పుడు, పరిస్థితి చక్కబడ్డాక, చొరబాటు ఎలా జరిగింది, ఏ దశలో పట్టుకునే వీలుండీ పట్టుకోలేకపోయారు, కోలుకోవడానికి ఎన్నాళ్లు పట్టింది అనే వివరాలతో పూర్తి విచారణ నివేదికను ప్రచురించండి.

ఇప్పుడు చాలాచోట్ల జరుగుతున్నది ఇందుకు విరుద్ధం. దాడి జరిగిన రోజున సేవలకు అంతరాయం కలిగిందని, నిపుణులు పరిశీలిస్తున్నారని ఒక చిన్న ప్రకటన వస్తుంది. కొన్ని వారాలకు సేవలు మళ్లీ మొదలవుతాయి. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. దాడికి గురైన సంస్థ ఒక నివేదిక రాయించుకుంటుంది, దాని ప్రతి మీకు చేరుతుంది, దాని మీద గోప్యం అనే ముద్ర పడుతుంది. అదే సాఫ్ట్‌వేర్‌ను, అదే అమరికతో, అదే తప్పుతో వాడుతున్న పక్క శాఖకు ఆ సంగతి తెలియదు. తెలిసేది వాళ్ల సర్వర్లు కూడా లాక్ అయిన రోజున.

దాడులు రూపం మార్చుకుంటున్నాయని మీ ప్రకటనలన్నింటిలోనూ ఉంటుంది, అది నిజమే. 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో మూడు విద్యుత్ పంపిణీ సంస్థల మీద దాడి చేసినవారు మాక్రోలు (ఫైలులో దాగి ఉండే చిన్న ప్రోగ్రాములు) ఉన్న వర్డ్ ఫైళ్లను ఈమెయిల్‌లో పంపి లోపలికి వచ్చారు. 2017 జూన్ 27న అదే దేశంలో మొదలైన నాట్‌పెట్యా అనే మాల్‌వేర్‌కు (హాని చేసే ప్రోగ్రాముకు) ఈమెయిల్ అవసరమే రాలేదు. వ్యాపార సంస్థలు పన్ను లెక్కల కోసం వాడే ఎం.ఇ.డాక్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లోనే అది వచ్చింది. సంస్థలు తమంతట తామే దాన్ని ఇన్‌స్టాల్ చేసుకున్నాయి. 2020లో బయటపడిన సోలార్‌విండ్స్ వ్యవహారంలో నెట్‌వర్క్‌లను పర్యవేక్షించే సాఫ్ట్‌వేరే చొరబాటుకు దారి అయింది. దాదాపు 18,000 మంది ఖాతాదారులు ఆ కలుషితమైన అప్‌డేట్‌ను తీసుకున్నారు. 2023 మేలో అమెరికా, దాని మిత్రదేశాలు బయటపెట్టిన వోల్ట్ టైఫూన్ అనే చొరబాటుదారుల బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. అది మాల్‌వేర్‌ను దాదాపుగా వాడదు. విండోస్‌లో ముందే ఉండే నిర్వాహకుల ఉపకరణాలనే వాడుకుంటుంది. కొన్ని సంస్థల్లో వాళ్లు కనీసం ఐదేళ్లుగా ఉన్నారని 2024 ఫిబ్రవరి నాటి ఉమ్మడి హెచ్చరిక చెప్పింది.

ఇలా ప్రతిసారీ దారి మారుతున్నప్పుడు నిన్నటి దాడిని ఆపే నిబంధనల పట్టిక ఒక్కటే సరిపోదు. ఈమెయిల్‌లోని భాషాదోషాలను బట్టి మోసాన్ని గుర్తించండి అని ఉద్యోగులకు ఇచ్చే శిక్షణనే చూడండి. కృత్రిమ మేధతో ఏ భాషలోనైనా తప్పుల్లేని ఉత్తరం రాయించుకోగల రోజుల్లో ఆ సలహా ఉపయోగం కంటే హానే ఎక్కువ చేస్తుంది. ఉత్తరం చక్కగా ఉంది కాబట్టి నిజమైనదే అని నమ్మే అలవాటు చేస్తుంది. మారుతున్న దాడుల వెంట పరుగెత్తాలంటే ఒకచోట జరిగినదాని వివరం మిగతా అన్ని చోట్లకూ అంతే వేగంగా చేరాలి. నిజానికి మీ సంస్థల పుట్టుకకు కారణం కూడా అదే. 1988 నవంబరులో మోరిస్ వర్మ్ ఆనాటి చిన్న ఇంటర్నెట్‌ను అతలాకుతలం చేసినప్పుడు, ఒక విశ్వవిద్యాలయంలో కనుగొన్న విరుగుడును మరో విశ్వవిద్యాలయానికి చేరవేసే ఏర్పాటు లేదని తేలింది. ఆ లోటు తీర్చడానికే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తొలి సెర్ట్ (కంప్యూటర్ అత్యవసర స్పందన బృందం) కేంద్రం ఏర్పడింది.

దాడి గురించి ప్రభుత్వానికి తెలియజేయాలన్న నియమాలు ఇటీవల గట్టిపడ్డాయి, అందుకు సంతోషం. భారతదేశంలో ఇటువంటి జాతీయ సంస్థ అయిన సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సంఘటన తెలిసిన 6 గంటల్లో సమాచారం ఇవ్వాలి. ఐరోపా సమాఖ్య సైబర్ భద్రత మీద ఇచ్చిన ఎన్ఐఎస్-2 ఆదేశం 24 గంటల్లో తొలి హెచ్చరికను, 72 గంటల్లో వివరమైన సమాచారాన్ని, నెల రోజుల్లో తుది నివేదికను కోరుతుంది. అమెరికా 2022లో చేసిన చట్టం కీలక సంస్థలకు 72 గంటల గడువును, రాన్సమ్ (దాడి చేసినవారు అడిగే డబ్బు) చెల్లిస్తే ఆ సంగతి చెప్పడానికి 24 గంటల గడువును నిర్దేశించింది. ఈ గడువులన్నీ సమాచారం కింది నుంచి మీ దాకా రావడానికి పెట్టినవి. మీ దగ్గర నుంచి తిరిగి బయటికి రావడానికి మాత్రం ఎక్కడా ఇంత కచ్చితమైన గడువు కనిపించదు. గంటల లెక్కన మా నుంచి వసూలు చేసిన సమాచారం సంవత్సరాలు గడిచినా మాకు తిరిగి రాకపోతే, ఆ నియమాన్ని మేము రక్షణగా కాక మరో ఫారం నింపే పనిగానే చూస్తాం. అలా చూసేవాళ్లు ఆ ఫారంలో ఎంత తక్కువ రాస్తే అంత మంచిదనుకుంటారు.

నివేదిక ప్రచురిస్తే ఏమవుతుందో ఊహించుకోవలసిన పని లేదు, చేసి చూపించినవారున్నారు. 2021 మే 14న ఐర్లండ్ ప్రజారోగ్య సేవా సంస్థ హెచ్ఎస్ఈ మీద కాంటీ ముఠా రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే మాల్‌వేర్) దాడి చేసింది. దేశమంతటా ఆసుపత్రుల కంప్యూటర్లు ఆగిపోయాయి. వైద్యులు కాగితం, కలం పట్టుకున్నారు. ఆ సంస్థ పాలకమండలి స్వతంత్ర విచారణ జరిపించి, 2021 డిసెంబరులో ఆ నివేదికను అందరికీ అందుబాటులో ఉంచింది. అందులో ఉన్నవి ఏ సంస్థకైనా తలవంపులు తెచ్చే సంగతులే. మార్చి 18న ఒక ఉద్యోగి ఈమెయిల్‌లో వచ్చిన ఎక్సెల్ ఫైలును తెరవడంతో మొదటి కంప్యూటర్ చేజారింది. అంటే చొరబాటుదారులు ఎనిమిది వారాలు లోపలే తిరిగారు. మార్చి 31న ఆ కంప్యూటర్‌లోని యాంటీవైరస్, రాన్సమ్‌వేర్ ముఠాలు సాధారణంగా వాడే రెండు ఉపకరణాలను గుర్తించింది. కాని దాన్ని గమనించడానికే తప్ప అడ్డుకోవడానికి అమర్చలేదు కాబట్టి గమనించి ఊరుకుంది. దాడికి ముందురోజు భద్రతా సాఫ్ట్‌వేర్ సరఫరాదారు నుంచి కనీసం 16 వ్యవస్థల్లో అనుమానాస్పద సంఘటనలున్నాయని ఈమెయిల్ వచ్చింది. దానికి స్పందనగా జరిగింది సర్వర్లను రీస్టార్ట్ చేయడం. కంపెనీ మద్దతు నిలిచిపోయిన విండోస్ 7తో 30,000కు పైగా కంప్యూటర్లు నడుస్తున్నాయి. అంత పెద్ద సంస్థలో సైబర్ భద్రతకు మొత్తంగా బాధ్యత వహించే ఉన్నతాధికారి ఒక్కరూ లేరు.

ఆ నివేదిక చదువుతున్నప్పుడు నాకు ఐర్లండ్ మీద చులకన భావం కలగలేదు. మా యాంటీవైరస్ ఏ అమరికలో ఉందో వెంటనే చూడాలనిపించింది. అదే దాడిలో ఐర్లండ్ ఆరోగ్య శాఖ కార్యాలయం మీద కూడా రాన్సమ్‌వేర్ ప్రయోగించబోయారు. అక్కడ అనుమానాస్పద కదలికలను ఒకరోజు ముందే గమనించి, విచారణ కోసం అదనపు ఉపకరణాలు అమర్చి ఉండటం వల్ల ఆ ప్రయత్నం విఫలమైంది. ఒకే ముఠా, ఒకే వారం, ఒకే రంగానికి చెందిన రెండు కార్యాలయాలు, రెండు భిన్నమైన ఫలితాలు. ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకని ఈ పోలిక నివేదిక బయటికి రావడం వల్లే మా చేతికి అందింది. ఇంకో వివరం కూడా గమనించదగ్గది. దాడి చేసినవారు మే 20న తాళం విప్పే కీని తామే ఉచితంగా ఇచ్చేశారు. అయినా సర్వర్లన్నింటినీ మళ్లీ మామూలు స్థితికి తేవడానికి సెప్టెంబరు దాకా పట్టింది. రాన్సమ్ కట్టేస్తే మర్నాడు పని మొదలవుతుందని నమ్మే పెద్దలకు ఈ ఒక్క వాక్యం చూపిస్తే చాలు.

బ్రిటిష్ లైబ్రరీ కూడా ఇదే దారిలో నడిచింది. 2023 అక్టోబరులో రైసిడా ముఠా ఆ గ్రంథాలయం నుంచి దాదాపు 600 గిగాబైట్ల సమాచారం ఎత్తుకుపోయింది, చాలా సర్వర్లను పనికిరాకుండా చేసింది. 2024 మార్చిలో గ్రంథాలయం తానే ఒక నివేదిక ప్రచురించింది. డిజిటల్ సేకరణల ప్రతులు భద్రంగానే ఉన్నాయట. కాని వాటిని తిరిగి నిలబెట్టడానికి తగిన సర్వర్లు లేవు. పాత సాఫ్ట్‌వేర్‌లలో కొన్ని కొత్త, సురక్షితమైన ఏర్పాటులో నడవనే నడవవు. బ్యాకప్ ఉంది కదా అని నిశ్చింతగా ఉన్న ప్రతి కార్యాలయానికీ ఇది వర్తిస్తుంది. బ్యాకప్ ఉందా అని తనిఖీ బృందాలు అడుగుతాయి. దాన్ని ఎక్కడ, ఏ యంత్రం మీద, ఎన్ని గంటల్లో తిరిగి ఎక్కిస్తారు అని అడిగే తనిఖీ నాకు ఇంతవరకు ఎదురుకాలేదు.

నివేదికలు ప్రచురిస్తే శత్రువుకు మేలు చేసినట్లవుతుందని మీలో కొందరు అంటారు. ఈ వాదనను తేలిగ్గా కొట్టివేయను. ఇంకా సరిచేయని లోపాన్ని, ఒక నిర్దిష్ట సబ్‌స్టేషన్ నెట్‌వర్క్ పటాన్ని, గూఢచార వర్గాల ద్వారా తెలిసిన సంగతిని బయటపెట్టమని ఎవరూ అడగరు. కాని దాడి చేసినవాడికి తాను ఎలా వచ్చాడో తెలుసు. వాడి తోటివారికీ తెలుసు, వాళ్ల మధ్య ఉపకరణాలూ, దొంగిలించిన పాస్‌వర్డులూ బహిరంగంగానే అమ్ముడవుతుంటాయి. తెలియనిది రేపు దాడికి గురి కాబోయేవారికి మాత్రమే. ఉక్రెయిన్ ఉదాహరణనే మళ్లీ తీసుకోండి. 2015 దాడిలో దాదాపు 2,25,000 మంది వినియోగదారులకు కొన్ని గంటలపాటు కరెంటు పోయింది. కొన్ని నెలల్లోనే, 2016 మార్చిలో, దాని సాంకేతిక విశ్లేషణ అందరూ చదువుకునేలా వెలువడింది. ఆపరేటర్ల తెర మీద మౌస్ తనంతట తానే కదిలి బ్రేకర్లను (కరెంటును కలిపే, తెంచే స్విచ్‌లను) తెరవడం, వినియోగదారులు ఫిర్యాదు చేయకుండా కాల్‌సెంటర్‌ను దొంగ కాల్స్‌తో ముంచెత్తడం, సబ్‌స్టేషన్లతో సంబంధం కలిపే పరికరాల ఫర్మ్‌వేర్‌ను (వాటిని నడిపే లోపలి ప్రోగ్రామును) చెరిపేయడం, చివరికి సిబ్బంది వాహనాల్లో వెళ్లి చేత్తో బ్రేకర్లు వేయడం వల్లే కరెంటు తిరిగి రావడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. ప్రపంచంలోని విద్యుత్ సంస్థలు తమ ఆపరేటర్లకు ఇచ్చే శిక్షణలో దాన్ని వాడుకున్నాయి. ఉక్రెయిన్ గ్రిడ్ నిపుణులు కూడా నేర్చుకోవడం ఆపలేదు. 2022 ఏప్రిల్‌లో అక్కడి అధిక వోల్టేజి సబ్‌స్టేషన్ల మీద ఇండస్ట్రాయర్-2 అనే కొత్త మాల్‌వేర్‌ను ప్రయోగించినప్పుడు, కరెంటు పోకముందే దాన్ని పట్టుకోగలిగారు.

సోలార్‌విండ్స్ సంగతి బయటికి వచ్చిన తీరు కూడా ఇక్కడ గుర్తు చేయాలి. అమెరికా ప్రభుత్వ శాఖల నెట్‌వర్క్‌లలో నెలల తరబడి తిష్ఠ వేసిన ఆ బృందాన్ని ఏ ప్రభుత్వ నిఘా వ్యవస్థా ముందుగా కనిపెట్టలేదు. ఫైర్‌ఐ అనే భద్రతా సంస్థ తన ఉద్యోగి ఖాతాకు రెండో ఫోన్ నమోదైందని గమనించి, ఆరా తీసి, తన దగ్గరే దొంగతనం జరిగిందని 2020 డిసెంబరు 8న స్వయంగా ప్రకటించింది. ఇతరులను కాపాడటమే వ్యాపారంగా ఉన్న సంస్థకు అంతకంటే అవమానకరమైన ప్రకటన ఉండదు. అయినా చేసింది. ఐదు రోజుల్లో మూలకారణం బయటపడింది, తొమ్మిది కేంద్ర ప్రభుత్వ సంస్థలు, వంద దాకా కంపెనీలు తమ ఇంట్లో దొంగ ఉన్నాడని తెలుసుకోగలిగాయి. ఆ కంపెనీ పరువు గురించి ఆలోచించి మౌనంగా ఉండి ఉంటే ఎంత కాలం ఆ దొంగ అక్కడే ఉండేవాడో ఎవరూ చెప్పలేరు.

గోప్యతే రక్షణ అనుకోవడం ఎక్కడికి దారి తీస్తుందో 2017లో ప్రపంచమంతా చూసింది. విండోస్‌లోని ఒక లోపాన్ని అమెరికా జాతీయ భద్రతా సంస్థ తన నిఘా పనుల కోసం దాచుకుంది. దాన్ని వాడుకునే ఎటర్నల్‌బ్లూ అనే ఉపకరణం బయటివారి చేతుల్లో పడింది, 2017 ఏప్రిల్‌లో ఇంటర్నెట్‌లో ప్రత్యక్షమైంది. మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చినా దాన్ని వేయనివాళ్లు లక్షల్లో ఉన్నారు. మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ మొదలై 150 దేశాల్లో 2,00,000కు పైగా కంప్యూటర్లకు పాకింది. అది దెబ్బతీసిన బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల గురించి ఆ దేశ జాతీయ ఆడిట్ కార్యాలయం అదే ఏడాది అక్టోబరులో ప్రచురించిన నివేదిక నా దృష్టిలో ఇటువంటి పత్రాలకు మంచి నమూనా. అది పొడిగా, క్లుప్తంగా, ఎవరినీ తిట్టకుండా, ఎవరినీ వదలకుండా రాసినది. దాడికి ముందు 88 ఆసుపత్రి ట్రస్టుల్లో భద్రతా తనిఖీలు జరిపితే ఒక్కటీ ఉత్తీర్ణం కాలేదని, ప్రణాళిక ఉన్నా స్థానికంగా దాన్ని ఎన్నడూ పరీక్షించలేదని, దాడి రోజున ఎవరు నాయకత్వం వహించాలో వెంటనే స్పష్టం కాక, ఈమెయిల్ పనిచేయక సిబ్బంది సొంత ఫోన్లు, వాట్సాప్ వాడవలసి వచ్చిందని అందులో ఉంది. ఈ ఆఖరి వాక్యం చదివాక మా కార్యాలయంలో ముఖ్యమైన ఫోన్ నంబర్లను కాగితం మీద అచ్చు వేసి గోడకు అంటించాం. నెట్‌వర్క్ పోయినప్పుడు నెట్‌వర్క్‌లోని ఫోన్ నంబర్ల ఫైలు తెరుచుకోదన్న సంగతి అంతదాకా మాకెవరికీ తట్టలేదు.

నిజం చెబితే ప్రజల నమ్మకం పోతుందన్న భయం కూడా ఉంటుంది. ఎస్టోనియా అనుభవం ఈ భయానికి సమాధానం చెబుతుంది. పన్నుల నుంచి ఓటింగ్ దాకా అన్నీ డిజిటల్ గుర్తింపు కార్డుతోనే నడిచే ఆ దేశానికి, కార్డుల్లోని చిప్‌లో తీవ్రమైన లోపం ఉందని 2017 ఆగస్టు చివర్లో పరిశోధకులు తెలియజేశారు. దాదాపు 7,50,000 కార్డులు ప్రమాదంలో పడ్డాయి. అక్టోబరులో స్థానిక ఎన్నికలు ఉన్నాయి, ఇంటర్నెట్‌లో ఓటు వేసే సౌకర్యం ఉంది. ఇంతకంటే ఇబ్బందికరమైన సమయం మరొకటి ఉండదు. అయినా ప్రభుత్వం వారం తిరగకుండానే, సెప్టెంబరు 5న, లోపం సంగతి ప్రజలకు చెప్పేసింది. కార్డులను ఇంటి నుంచే అప్‌డేట్ చేసుకునే ఏర్పాటు చేసి, ప్రమాదం దగ్గరపడిందనిపించినప్పుడు నవంబరు మొదట్లో ఆ కార్డుల్లోని పాత డిజిటల్ ధ్రువపత్రాలను నిలిపివేసింది. ఎన్నికలు జరిగాయి, ఆన్‌లైన్ ఓటింగ్ జరిగింది, ఆ కార్డుల వ్యవస్థ ఇప్పటికీ నడుస్తోంది. ప్రభుత్వం దాచి, అది పత్రికల ద్వారా బయటపడి ఉంటే ఇలా జరిగేదని నేననుకోను.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని మన సామెత ఎగతాళి చేస్తుంది. ఈ రంగంలో మాత్రం ఆరు నెలల తర్వాత మొరిగినా పక్కింటివారికి మేలే. అసలు మొరగకపోవడమే ముప్పు.

ఇక న్యాయపరమైన చిక్కుల సంగతి. నివేదికలో తప్పు ఒప్పుకుంటే నష్టపరిహారం కేసులు పడతాయని, అధికారుల మీద చర్యలు ఉంటాయని సంస్థల న్యాయవాదులు హెచ్చరిస్తారు. ఆ హెచ్చరికలో నిజముంది. అందుకే ఈ పనిని దాడికి గురైన సంస్థ ఇష్టానికి వదిలేయకూడదు. విమానయానం ఈ చిక్కును ఏనాడో విప్పుకుంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 13వ అనుబంధం ప్రకారం విమాన ప్రమాద విచారణ ఏకైక లక్ష్యం మళ్లీ ప్రమాదం జరగకుండా చూడటమే గాని, తప్పెవరిదో తేల్చడం కాదు. 30 రోజుల్లో ప్రాథమిక నివేదిక, వీలైనంతవరకు ఏడాదిలోగా తుది నివేదిక రావాలి. నేర విచారణ జరిగితే అది వేరే దారిలో జరుగుతుంది. పైలట్లు తాము చేయబోయి తప్పించుకున్న పొరపాట్లను కూడా తెలియజేసే ఏర్పాటును నాసా 1976 నుంచి నడుపుతోంది. ఇవాళ విమానం ఎక్కేవారు నిశ్చింతగా కూర్చుంటున్నారంటే, దశాబ్దాలుగా ఒకరి ప్రమాదం అందరి పాఠం కావడం అందుకు ఒక ముఖ్య కారణం.

సైబర్ రంగంలో దీనికి దగ్గరగా వచ్చిన ప్రయత్నం అమెరికా సైబర్ సేఫ్టీ రివ్యూ బోర్డు. 2022లో ఏర్పడిన ఆ బోర్డు మొదట లాగ్4జె అనే సాఫ్ట్‌వేర్‌లోని లోపం మీద నివేదిక ఇచ్చింది. 2024 ఏప్రిల్‌లో వెలువడిన మరో నివేదికలో, చైనాకు చెందిన బృందం మైక్రోసాఫ్ట్ ఈమెయిల్ సేవల్లోకి ప్రవేశించి అమెరికా ఉన్నతాధికారుల ఉత్తరాలు చదవడానికి దారితీసిన లోపాలను ఒక్కొక్కటిగా వివరించి, ఆ చొరబాటును నివారించగలిగేవారేనని కుండబద్దలు కొట్టింది. దాన్ని ముందుగా కనిపెట్టింది విదేశాంగ శాఖ. ఆ శాఖ అదనపు డబ్బు కట్టి వివరమైన లాగ్‌లను (ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే జాబితాలను) తీసుకోవడం వల్లే అది సాధ్యమైంది. చవకైన పథకంలో ఉన్న సంస్థలకు ఆ లాగ్‌లే లేవు. ఈ సంగతి బయటికి వచ్చాక, ఆ లాగ్‌లలో చాలావాటిని అదనపు రుసుము లేకుండా ఇవ్వడానికి కంపెనీ అంగీకరించింది. లక్షల సంస్థలకు ఒక్కసారిగా లాభం చేకూరింది. బయటపెట్టడం వల్ల కలిగే ప్రయోజనానికి ఇంతకంటే నేరుగా కనిపించే ఉదాహరణ నాకు తెలియదు. విచారకరమైన విషయమేమిటంటే, టెలికాం సంస్థల్లోకి సాల్ట్ టైఫూన్ అనే బృందం చేసిన చొరబాటు మీద విచారణ సాగిస్తుండగానే, 2025 జనవరిలో ఆ బోర్డు సభ్యులను తొలగించారు. ఆ నివేదిక వచ్చి ఉంటే చదివేవారిలో ప్రపంచంలోని టెలికాం ఇంజనీర్లందరూ ఉండేవారు. ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో పుట్టిన విచారణ మండలి మరో ఉత్తర్వుతో పోతుందని దీన్నిబట్టి తెలుస్తోంది. మీ దేశాల్లో ఇటువంటి మండలి పెడితే చట్టం ద్వారానే పెట్టండి, దాని సభ్యుల పదవీకాలాన్ని ప్రభుత్వ మార్పులకు అతీతంగా ఉంచండి, పత్రాలు తెప్పించుకునే అధికారం దానికివ్వండి. అమెరికా బోర్డుకు ఆ అధికారం ఉండేది కాదు, కంపెనీలు ఇష్టపడి ఇచ్చినదాని మీదే అది ఆధారపడింది.

లోపాలను కనిపెట్టి చెప్పే బయటి పరిశోధకుల విషయం కూడా దీనిలో భాగమే. ప్రభుత్వ వెబ్‌సైటులో లోపం ఉందని మర్యాదగా తెలియజేసినవారి మీద కేసు పెట్టే దేశంలో రెండోసారి ఎవరూ తెలియజేయరు. అదే లోపాన్ని వేరేవారు కొనుక్కుంటారు. నెదర్లాండ్స్ 2013లోనే బాధ్యతాయుతమైన వెల్లడికి మార్గదర్శకాలు ప్రకటించింది. బెల్జియం 2023లో అటువంటి పరిశోధకులకు షరతులతో చట్టరక్షణ కల్పించింది. 2024 మార్చిలో లినక్స్ (సర్వర్లలో విరివిగా వాడే ఆపరేటింగ్ వ్యవస్థ) ప్రపంచాన్ని కుదిపేసిన ఎక్స్‌జెడ్ వ్యవహారం తెలిసిందే. ఏళ్ల తరబడి నమ్మకం సంపాదించి ఫైళ్లను కుదించే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ భాగంలో దొంగదారి పెట్టిన ఆ పన్నాగం, అది సర్వర్లన్నింటికీ చేరకముందే బయటపడింది. లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఒక ఇంజనీరు పట్టుబట్టి చూసి, కనుగొన్నదాన్ని అందరికీ చెప్పడమే అందుకు కారణం. ఆయన ఏ దేశపు జాతీయ భద్రతా సంస్థలోనూ ఉద్యోగి కారు.

అందువల్ల నా కోరికను కొంచెం విడమరచి చెబుతాను. అత్యవసర సేవలకు అంతరాయం కలిగించిన లేదా పౌరుల సమాచారం పెద్దఎత్తున పోయిన ప్రతి దాడి మీద స్వతంత్ర విచారణ జరగాలి. సేవలు పునరుద్ధరించిన 30 రోజుల్లో క్లుప్తమైన ప్రాథమిక నివేదిక, ఏడాదిలోగా పూర్తి నివేదిక ప్రజలకు అందాలి. దాచవలసిన భాగాలుంటే నలుపు గీతతో దాచండి, ఎందుకు దాచారో ఒక వాక్యంలో చెప్పండి. ఉద్యోగుల పేర్లు అక్కర్లేదు. ఫైలు తెరిచిన ఆ ఒక్క ఉద్యోగిని బలిచేసి చేతులు దులుపుకునే నివేదిక అసలు అక్కర్లేదు. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఫైలు తెరుస్తారని తెలిసీ ఒక్క క్లిక్కుతో దేశం ఆగిపోయేలా కట్టిన వ్యవస్థ గురించి రాయండి. చొరబాటు మొదలైన తేదీ, పట్టుబడిన తేదీ, వచ్చిన హెచ్చరికలు, వాటిని పట్టించుకోకపోవడానికి కారణం, బ్యాకప్ నుంచి కోలుకోవడానికి నిజంగా పట్టిన కాలం, చేత్తో పని నడిపిన రోజుల్లో ఏది సాగింది, ఏది సాగలేదు, ఇవి తప్పనిసరిగా ఉండాలి. సిఫారసుల్లో ఏవి అమలయ్యాయో మరో ఏడాదికి ఇంకో పేజీ ప్రచురించండి. ఐర్లండ్, బ్రిటన్ నివేదికల్లో కనిపించిన చాలా లోపాలు దాడికి ముందే ఎవరో ఒకరు రాసిపెట్టినవేనని గుర్తుంచుకోవాలి.

కొత్త చట్టం రావడానికి సమయం పడుతుందని తెలుసు. దాని కోసం ఆగకుండా చేయగలిగిన పని ఒకటుంది. మీ బీరువాల్లో ముగిసిపోయిన విచారణల నివేదికలు ఉన్నాయి. ఆ దాడుల్లో వాడిన లోపాలకు ప్యాచ్‌లు వచ్చి సంవత్సరాలైంది, ఆ సర్వర్లను మార్చేశారు, ఆ ముఠాల్లో కొన్ని విడిపోయాయి కూడా. వాటిలో ఒకదాన్ని ఎంచుకుని, దాచవలసినవి దాచి, ఈ మూడు నెలల్లో ప్రచురించండి. దాన్ని చదివి, మా వ్యవస్థల్లో అదే తప్పు ఉందేమో వెతికి, దొరికితే సరిదిద్ది, ఆ సంగతి మీకు తిరిగి రాయడానికి మేము సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థల నిర్వహణలో పనిచేస్తున్న ఒక ఇంజనీరు